డైపర్ విప్పేసే పసివాడు మనకు ఏం చెబుతున్నాడు?

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మాయి ఉద్యోగ శిక్షణ కోసం బెంగళూరు వెళుతూ, 22 నెలల కొడుకును నంద్యాలలో మా దగ్గర వదిలి వెళ్లింది. మేమిద్దరం ఉపాధ్యాయులమే. 30 ఏళ్లుగా వందల మంది పిల్లలను చూసినవాళ్లం, సొంత మనవణ్ని చూసుకోలేమా అనుకున్నాం. మూడో రోజుకే ఆ ధీమా సడలింది. వాడికి డైపర్ తొడిగి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి అది మంచం కింద ఉండేది, వాడు వరండాలో ఉండేవాడు. మళ్లీ తొడిగేవాళ్లం, మళ్లీ విప్పేవాడు. రోజుకు ఐదారుసార్లు ఇదే తంతు. ఒకసారి మధ్యాహ్నం నిద్ర లేచి, విప్పిన డైపర్‌లో ఉన్నదంతా గోడకు పూసి, అదేదో ఘనకార్యంలా మమ్మల్ని పిలిచి చూపించాడు.

ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది మా గొప్పతనం కాదు. ముందు మేము చేసిన తప్పు, తర్వాత నేర్చుకున్న విషయాలు. మా బంధువుల ఇళ్లలో, మా బడికి వచ్చే తల్లుల దగ్గర ఇదే సమస్య ఎన్నోసార్లు విన్నాం. వాళ్లలో చాలామంది మేము చేసిన తప్పే చేస్తున్నారు కనుక, సిగ్గుపడకుండా రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

మొదట నవ్వాం. తర్వాత గదమాయించాం. స్టిక్కర్లు బిగించి అంటించాం. ఇంటికి వచ్చినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. "ప్లాస్టర్ చుట్టండి ఆపా" అని ఒకరు, "నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది" అని మరొకరు. జూన్‌లో ఇంటికి దగ్గర్లోని ఒక ప్లేస్కూలులో చేర్పించాం. నాలుగో రోజు ఆయమ్మ వాణ్ని తెచ్చి దింపి, డైపర్ ఉంచుకోవడం అలవాటయ్యాక పంపమన్నారు. అక్కడ మిగతా పిల్లల ముందు వాడికి "షేమ్ షేమ్" అన్నారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్ల ముందే వాడు డైపర్ విప్పి, ముందుగదిలో పరిచిన జానిమాజ్ మీద దొడ్డికి కూర్చున్నాడు. తలకొట్టేసినట్టయింది. చేతికి పని చెప్పాం. వాడు ఏడవలేదు. మా ముఖం వైపు చూసి, తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మరుసటి రోజు నుంచి వాడు దొడ్డికి వెళ్లడం మానేశాడు. రెండు రోజులు, మూడు రోజులు, నాలుగు రోజులు. కాళ్లు బిగబట్టి, మునివేళ్ల మీద నిలబడి, తలుపు వెనక దాక్కునేవాడు. ముక్కుతున్నాడని మేము అనుకున్నాం. నిజానికి బయటికి రాకుండా ఆపుకుంటున్నాడు. ఐదో రోజు ఏడుస్తూ వెళితే, రాయిలాంటి మలంతో పాటు రక్తపు చార కనిపించింది. భయపడి పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన మా మాటలన్నీ విని, "టీచరుగారూ, వీడిది మొండితనం కాదండీ, భయం" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. భయపడిన పిల్లవాడు మలాన్ని ఆపుకుంటాడు. ఆపుకున్న కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం గట్టిపడుతుంది. గట్టిపడినది వచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పి గుర్తుండిపోయి మరుసటిసారి ఇంకా గట్టిగా ఆపుకుంటాడు. ఇలా చక్రంలా తిరుగుతుంది. ఎక్కువ కాలం సాగితే పేగు సాగి, అర్జు తెలియకుండా పోతుంది. గట్టిపడిన మలం పక్కనుంచి పలుచటిది జారి బట్టలు పాడవుతాయి. అది చూసి పెద్దవాళ్లు మళ్లీ కొడతారు. మలం మెత్తబడే మందు ఆయన రాసిచ్చారు. అది వాడటం ఆపడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఒక్క దెబ్బకు నాలుగు నెలలు.

పిల్లలు ఎందుకు విప్పుతారు?

ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ల మధ్య చాలామంది పిల్లలు డైపర్ విప్పుతారు. దీనికి ఒకే కారణం ఉండదు. తడిసి బరువెక్కి ఉండవచ్చు, తొడల దగ్గర ఒరుసుకుంటూ ఉండవచ్చు. చెమటకు చర్మం పొక్కి మంట పుడుతుండవచ్చు. కొందరికి అది కొత్తగా వచ్చిన విద్య. చెప్పులు, టోపీ, చొక్కా విప్పడం నేర్చిన వేళ్లకు డైపర్ స్టిక్కరు ఇంకొక ఆటవస్తువు. కొందరికి అది మనల్ని పరుగెత్తించే ఆట. విప్పగానే అమ్మ, నానీ అందరూ పనులు వదిలి వస్తారు కదా! నిద్ర లేచి ఒంటరిగా పడుకుని ఏమీ తోచక విప్పేవాళ్లూ ఉన్నారు. ఇక కొందరు, "నాకు తెలుస్తోంది, ఇక ఇది నాకు వద్దు" అని మాటలు రాక చేతితో చెబుతున్నారు.

కాబట్టి రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాసి చూడండి. ఏ వేళకు విప్పాడు? విప్పినప్పుడు అది తడిగా ఉందా, పొడిగా ఉందా, దొడ్డికి వెళ్లాక విప్పాడా? ఆ సమయంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు? బడిలో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పాడో చూశాకే కదా సరిదిద్దుతాం. మేము రాసి చూస్తే, మా మనవడు ఎక్కువగా విప్పింది తడిసిన వెంటనే, లేదా దొడ్డికి వెళ్లే ముందు అని తేలింది. అంటే వాడికి తెలుస్తోంది. తెలియనిది మాకే.

ముందు చర్మం చూడండి

కొనుక్కునే డైపర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం సమస్య అర్థమవుతుంది. అమెరికాలో పాంపర్స్ డైపర్లు 1961లో మార్కెట్లోకి వచ్చాయి. 1980ల నుంచి డైపర్ల లోపల సోడియం పాలీయాక్రిలేట్ అనే పదార్థం గుళికలు వేయడం మొదలైంది. అవి తమ బరువుకు ఎన్నో రెట్ల తడిని పీల్చుకుని జిగురుగా మారతాయి. అందుకే పైకి పొడిగా కనిపిస్తుంది. కానీ లోపల వేడి, చెమట అలాగే ఉంటాయి. మూత్రం, మలం కలిసి చర్మానికి ఎక్కువసేపు తగిలితే చర్మం పైపొర దెబ్బతింటుంది. 40 డిగ్రీలు దాటే మా నంద్యాల ఎండల్లో ఆ మూట కట్టుకుని తిరగమంటే పెద్దవాళ్లమైనా విప్పేస్తాం.

మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకొకసారి డైపర్ మార్చాలి. దొడ్డికి వెళితే వెంటనే మార్చాలి. మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్ది, గాలికి ఆరనివ్వాలి. ఎర్రబడితే జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పలుచగా కాదు, పొరలా రాయాలి. పౌడరు చల్లడం వద్దు. ఆ ధూళి పసివాడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. తొడల దగ్గర, నడుము దగ్గర ఎర్రటి అచ్చులు పడుతుంటే సైజు మార్చాలి. రోజులో కొంతసేపు ఏమీ తొడగకుండా వదిలేస్తే చాలామంది పిల్లలకు విప్పే అవసరమే తగ్గుతుంది. మన అమ్మమ్మలు పాత చీరె ముక్కతో లంగోటా కట్టి, తడవగానే మార్చేవాళ్లు. ఇంట్లో ఉన్న వేళల్లో ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే.

రాత్రి నిద్రలో పిల్లవాడు వెనక భాగం గోక్కుంటూ డైపర్ లాగేస్తుంటే నులిపురుగులు ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వం 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం జరుపుతోంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు వారికి ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం మాత్ర, అదీ పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తారు.

విప్పడం కష్టం చేయండి, నొప్పి చేయకండి

కారణం చూస్తూనే, ఇల్లు శుభ్రంగా ఉండే ఉపాయాలూ కావాలి. మాకు పనికొచ్చినవి ఇవి.

స్టిక్కర్ల డైపర్ అయితే వెనకభాగం ముందుకు వచ్చేలా తిప్పి తొడగండి. స్టిక్కర్లు నడుము వెనక పడతాయి, చిన్న చేతులకు అందవు. లేదా నిక్కరులా లాగి తొడిగే రకం వాడండి. దాని మీద బిగువైన నూలు నిక్కరు తొడిగితే డైపర్ కనిపించదు. కనిపించనిది ఆటకు రాదు. రాత్రి, మధ్యాహ్నం పడుకునేటప్పుడు కాళ్ల మధ్య గుండీలు ఉండే ఒంటిబట్ట వేయవచ్చు. జిప్పు ఉన్నదైతే జిప్పు వీపు వైపు ఉండేలా తిప్పి తొడగవచ్చు. గుడ్డ మాత్రం పలుచటి నూలుదై ఉండాలి.

చేయకూడనివి కూడా చెప్పాలి. ప్లాస్టర్ టేపు చుట్టకూడదు. అది చర్మాన్ని లాగేస్తుంది, రక్తప్రసరణకు అడ్డు పడుతుంది. పిన్నీసులు పెట్టకూడదు. మొలతాడుకు బిగించి కట్టకూడదు. చేతులు కట్టేయడం మాట అసలు తలచుకోనే కూడదు.

నిద్ర లేచే వేళ దగ్గర ఉండండి. ఒంటరిగా మెలకువగా ఉండే పది నిమిషాలే గోడకు పూసే సమయం. ఒకవేళ పూశాడే అనుకోండి, "ఛీ" అనకండి, నవ్వకండి. పసివాడికి అది అసహ్యం కాదు, మెత్తగా చేతికి అంటుకునే ఒక పదార్థం, అంతే. మాట్లాడకుండా చేతులు సబ్బుతో కడిగి, గోళ్ల కింద కూడా శుభ్రం చేసి, తర్వాత వేరే వేళలో చపాతీ పిండి ముద్దో, తడి మట్టో ఇచ్చి కూర్చోబెట్టండి. వేళ్ల ముచ్చట అక్కడ తీరుతుంది.

విప్పినప్పుడు మన మాట నాలుగు ముక్కలకు మించకూడదు. "డైపర్ ఒంటి మీద ఉండాలి నాన్నా" అని నెమ్మదిగా చెప్పి మళ్లీ తొడగాలి. వాణ్నే ఒక చేయి వేయమనాలి. తడిసినది కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసే పని వాడి ముందే చేసి, ఇద్దరూ చేతులు కడుక్కోవాలి. విప్పకుండా వచ్చి "నానీ, తడి" అని చెప్పిన రోజున మాత్రం మన సంతోషం ఇల్లంతా వినిపించాలి. పరుగు, కేకలు, గొడవ అంతా విప్పినప్పుడు దొరుకుతుంటే పిల్లవాడు విప్పడమే నేర్చుకుంటాడు.

అసలు కబురు: ఇక నాకు నేర్పండి

డైపర్ విప్పడం చాలాసార్లు మొదటి పాఠానికి పిలుపు. ఒక్క సంకేతం చూసి తొందరపడకూడదు. రెండు గంటలసేపు పొడిగా ఉండగలుగుతున్నాడా? దొడ్డికి వచ్చే ముందు మూలకు వెళ్లడం, ముఖం మారడం ఉందా? నిక్కరు తనంతట తాను కిందికి లాగగలడా? "ఆ గిన్నె తే" అంటే తెస్తున్నాడా? ఒకచోట కాసేపు కూర్చుంటాడా? వీటిలో ఎక్కువ వాటికి అవునంటే మొదలుపెట్టవచ్చు.

అమెరికన్ పిల్లల వైద్యుడు బ్రేజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బలవంతం లేకుండా, పిల్లవాడు సిద్ధమయ్యేదాకా ఆగి నేర్పితే, పగటిపూట డైపర్ మానడం సగటున 28 నెలల పైచిలుకు వయసులో పూర్తయింది. సగటు అంటే కొందరు ముందు, కొందరు వెనక. పక్కింటి పాపతో పోలిక అక్కర్లేదు. మన ఇళ్లలో ఇంకా ముందునుంచే బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్... స్..." అని శబ్దం చేయడం ఉంది. అది కూడా ముద్దుగా, బలవంతం లేకుండా జరిగినంత కాలం మంచి అలవాటే. ఏ పద్ధతి అయినా పాడయ్యేది కోపం వల్ల.

ఒంటేలు, దొడ్డి అనే మాటలను ఇంట్లో అందరూ ఒకే తీరుగా అనండి. నానీ ఒక మాట, అమ్మ ఒక మాట, ఆయమ్మ ఒక మాట అంటే వాడు ఏ మాట పట్టుకుంటాడు? మన మరుగుదొడ్డి బేసిను పసివాడికి పెద్ద గొయ్యిలా కనిపిస్తుంది. అందుకని చిన్న ప్లాస్టిక్ కుండీ నేల మీద పెట్టండి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. పాదాలు గాలిలో వేలాడితే ముక్కడం రాదు. ఏదైనా తిన్నాక పేగుల్లో కదలిక పెరుగుతుంది. కాబట్టి భోజనం అయిన పావుగంటకు, ఐదు నిమిషాలు మించకుండా కూర్చోబెట్టాలి. వస్తే మంచిది, రాకపోతే లేపేయాలి. నీళ్లు, పండ్లు, ఆకుకూర, పప్పు తినేలా చూడాలి.

పగలు నేర్చినవాడు రాత్రి పక్క తడిపితే అది వేరే సంగతి. నిద్రలో పట్టు రావడానికి ఇంకా కాలం పడుతుంది. ఐదేళ్లు నిండేదాకా వైద్యులు కూడా పక్క తడపడాన్ని జబ్బుగా చూడరు. దుప్పటి కింద రబ్బరు షీటు వేసి ఊరుకోవాలి.

సిగ్గు అనే దెబ్బ

బి.ఎడ్.లో మేము మనోవైజ్ఞానికుడు ఎరిక్ ఎరిక్సన్ సిద్ధాంతం చదువుకున్నాం, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా పిల్లవాడి ముందున్న పని "నాకు నేను చేసుకోగలను" అనే నమ్మకం సంపాదించుకోవడం అని ఆయన అన్నారు. అది దొరకకపోతే దాని స్థానంలో వచ్చేవి సిగ్గు, సందేహం. ఆ దశకు ఆయన మలమూత్రాల అదుపునే ముఖ్య ఉదాహరణగా తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లు దాచుకున్న ఆ పాఠం, చేయి ఎత్తిన ఆ సాయంత్రం మాకు గుర్తు రాలేదు. "షేమ్ షేమ్" అంటే అర్థం సిగ్గు అనే కదా! ఎంత తేలికగా అనేస్తాం!

మన ఇళ్లలో జానిమాజ్ మీద, నమాజు బట్టల మీద తడి పడితే గుండె గుభేలుమంటుంది. అది సహజం. అయితే ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్‌సన్ ఇంకా అన్నం ముట్టని తన పసివాణ్ని తెచ్చినప్పుడు జరిగింది మనం వినే ఉంటాం. దైవప్రవక్త వాణ్ని ఒడిలో కూర్చోబెట్టుకున్నారు, వాడు ఆయన బట్టల మీదే పోశాడు. ఆయన నీళ్లు తెప్పించి ఆ చోట చిలకరించారు. బుఖారీ, ముస్లిం రెండు సంకలనాల్లోనూ ఇది ఉంది. అన్నం తినే వయసు పిల్లలైతే బట్ట ఉతకాల్సిందే, అందులో తేడా లేదు. కానీ అక్కడ నీళ్లు వచ్చాయి, కోపం రాలేదు. ఉతికితే పోయే దానికి మేము చేయి ఎత్తాం. అదే మమ్మల్ని ఈనాటికీ బాధిస్తుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

మూడు రోజులైనా తగ్గని ఎరుపు, చీము పొక్కులు, జ్వరం ఉంటే. ఒంటేలుకు వెళ్లేటప్పుడు ఏడిస్తే. మలంలో రక్తం కనిపిస్తే. వారానికి రెండుసార్లయినా వెళ్లకుండా, వెళ్లినప్పుడు నొప్పితో బాధపడుతుంటే. బాగా నేర్చుకున్నవాడు ఉన్నట్టుండి మళ్లీ మొదటికి వస్తే. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోతూ, పిలిస్తే పలకకుండా, మలం పూయడం రోజూ చేస్తుంటే. వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యంతో, మందలింపుతో కాలం గడపవద్దు.

మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాం. మందు వాడుతూనే మేము వాడికి క్షమాపణ చెప్పాం. రెండేళ్లవాడికి ఏం తెలుస్తుంది అనవచ్చు. రోజూ పక్కన కూర్చుని, తొందర పెట్టకుండా ఉండటమే మా క్షమాపణ. అక్టోబరులో ఒకరోజు వాడు మా కొంగు పట్టుకుని, తలుపు వెనక్కి కాదు, కుండీ దగ్గరికి లాక్కుపోయాడు. ఆ డిసెంబరుకు పగటి డైపర్ మానేశాడు.

మీలో చాలామంది బడులకు, బాలవాడీలకు చేయూతనిచ్చే పెద్దలు. ఈసారి ఏ బడి చూడటానికి వెళ్లినా, రంగుల గోడలతో పాటు ఇంకో మూడు సంగతులు అడగండి. చిన్న పిల్లలు కూర్చోగలిగే చిన్న మరుగుదొడ్డి, అందులో నీళ్లు ఉన్నాయా? మార్చడానికి నాలుగు పొడి నిక్కర్లు ఉన్నాయా? నిక్కరు తడుపుకున్న పిల్లవాడితో ఆయమ్మ ఏమంటుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆ బడి ఎలాంటిదో తెలిసిపోతుంది.